బయాప్సీ రిపోర్టుకీ ఆపరేషన్ టేబుల్‌కీ మధ్య

క్యాన్సర్ ఆసుపత్రి ఓపీ బయట బెంచీల మీద తరచూ వినపడే మాట "డేట్ ఇచ్చారా?" అన్నదే. ఇచ్చారంటే సగం గండం గడిచినట్టే చూస్తారు పక్కవాళ్లు. ఆ డేట్ ఊపిరితిత్తి ఆపరేషన్‌దైతే దాని విలువ ఇంకా ఎక్కువ. ఎందుకంటే మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడేసరికే ఎక్కువమందికి మూడో దశో నాలుగో దశో అయి ఉంటుంది. గడ్డని కోసి తీసేయగలిగిన దశలో దొరికేవాళ్లు కొద్దిమందే. అలా దొరికిన మనిషికి రిపోర్టు చేతికొచ్చాక కూడా రెండు మూడు నెలలు గడిచిపోయాయంటే ఆ నెలల్ని జబ్బు ఖాతాలో రాయలేం. అవి పూర్తిగా వ్యవస్థ ఖాతాలోవే.

బయటినుంచి చూస్తే ఇదంతా ఒకటే పెద్ద క్యూ అనిపిస్తుంది: రోగులు ఎక్కువ, సర్జన్లు తక్కువ, కాబట్టి ఆలస్యం. ఇందులో నిజముంది, కానీ ఇది సగమే. దగ్గరికెళ్లి చూస్తే ఒక పెద్ద నిరీక్షణ కనపడదు. ఎనిమిదో పదో చిన్న నిరీక్షణలు ఒకదాని వెనక ఒకటి వరుసలో ఉంటాయి. ఒక్కోటీ వారమే. ఏ డిపార్ట్‌మెంట్‌ని అడిగినా "మా దగ్గర ఆలస్యం లేదు" అంటుంది, అది నిజం కూడా. కలిపి లెక్కేసేవాళ్లే ఉండరు.

ముందు ఒక మౌలికమైన ప్రశ్న. కొన్ని వారాలు ఆలస్యమైతే నిజంగా నష్టమేనా? పరిశోధనలు దీనికి చాలాకాలం తికమక జవాబులే ఇచ్చాయి. కొన్ని అధ్యయనాల్లో త్వరగా చికిత్స అందినవాళ్లే ముందు చనిపోయినట్టు తేలింది. ఇందులో మాయేమీ లేదు. దగ్గితే రక్తం పడుతూ, ఆయాసంతో వచ్చిన మనిషిని ఏ డాక్టరైనా ముందు చేర్చుకుంటారు. వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో చిన్న మచ్చ కనపడినవాళ్లని "వచ్చే వారం రండి" అంటారు. జబ్బు ముదిరినవాళ్లు వేగంగా, తేలికగా ఉన్నవాళ్లు నెమ్మదిగా లోపలికి వెళతారు కాబట్టి, అంకెలు మాత్రమే చూస్తే ఆలస్యమే మంచిదేమో అనిపిస్తుంది.

రెండో తికమక గడియారానిది. "నిర్ధారణ అయిన రోజు నుంచి" అంటాం. ఏ రోజు నుంచి? ఊపిరితిత్తిలో లోపలెక్కడో ఉన్న చిన్న గడ్డని సూదితో అందుకోవడం అన్నిసార్లూ కుదరదు. అలాంటప్పుడు ఆపరేషన్ టేబుల్ మీదే ముక్క తీసి, అక్కడికక్కడే పరీక్ష చేయించి, క్యాన్సరని తేలాక మిగతా కోత సాగిస్తారు. కాగితం మీద చూస్తే నిర్ధారణకీ ఆపరేషన్‌కీ మధ్య సున్నా రోజులు. ఆ మనిషి మాత్రం సీటీ స్కాన్‌లో మచ్చ కనపడినప్పటినుంచీ మూడు నెలలుగా తిరుగుతూనే ఉండి ఉండొచ్చు.

2021లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం ఈ గడియారాన్నే సరిచేసింది. అమెరికాలో మాజీ సైనికులకి ప్రభుత్వమే నడిపే ఆసుపత్రుల వ్యవస్థ ఉంది. అందులో మొదటి దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన 9,900 మందికి పైగా రోగుల రికార్డుల్ని, బయాప్సీ తేదీ నుంచి కాకుండా స్కాన్ తేదీ నుంచి లెక్కగట్టి చూశారు. స్కాన్ నుంచి ఆపరేషన్ దాకా సగటున 70 రోజులు పట్టింది. 12 వారాలు దాటాక ఆపరేషన్ అయినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా, బతికిన కాలం తక్కువగా కనిపించింది. 12 వారాలు దాటిన ప్రతి వారానికీ తిరగబెట్టే ముప్పు సుమారు 0.4 శాతం చొప్పున పెరిగింది. వినడానికి చిన్న అంకే. అందుకే రిపోర్టు వచ్చిన మర్నాడే ఆపరేషన్ కాకపోతే కొంప మునిగినట్టు టెన్షన్ పడనక్కర్లేదు. కానీ 12 వారాలన్నది ఒక హద్దు అని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. దానికి ముందటి ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మరో విశ్లేషణ ఊపిరితిత్తులతో సహా పలు క్యాన్సర్లని కలిపి చూసింది. ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన కొద్దీ మరణ ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతోందని తేల్చింది.

గడ్డ పెరిగే తీరు చూస్తే విషయం ఇంకాస్త తేటపడుతుంది. క్యాన్సర్ గడ్డ ఘనపరిమాణం రెట్టింపయితే అడ్డకొలత రెట్టింపు కాదు, సుమారు 26 శాతమే పెరుగుతుంది. రెండున్నర సెంటీమీటర్ల గడ్డ ఒకసారి రెట్టింపయితే మూడు సెంటీమీటర్ల పైచిలుకవుతుంది. వేగంగా పెరిగే రకానికి దీనికి పట్టేది వంద రోజులు, నిదానమైనదానికి ఏడాది. ఆ అర సెంటీమీటరు తేడాలోనే ఒక గీత ఉంది. జబ్బు ఏ దశలో ఉందో తేల్చే స్టేజింగ్ లెక్కల్లో మూడు సెంటీమీటర్లు దాటితే ఉపదశ మారిపోతుంది. అంతర్జాతీయంగా సేకరించిన అంకెల ప్రకారం రెండు నుంచి మూడు సెంటీమీటర్ల గడ్డ ఉన్నవాళ్లలో ఐదేళ్లు బతికేవారు 77 శాతం, మూడు నుంచి నాలుగు మధ్య ఉన్నవాళ్లలో 68 శాతం. గీత దాటిన ప్రతివాడికీ తొమ్మిది శాతం తరిగిపోతుందని దీని అర్థం కాదు, ఇవి గుంపుల సగటులు. గడ్డ సైజు కంటే కూడా, ఈలోపు లింఫ్ గ్రంథులకి పాకిందా లేదా అన్నదే అసలు భయం.

ఇక ఆ వారాలు ఎక్కడ పోతాయో చూద్దాం. నల్గొండ వైపు నుంచి వచ్చిన యాభై ఎనిమిదేళ్ల రైతుని ఊహించుకోండి. బీడీ అలవాటు ఉంది. కుడి ఊపిరితిత్తి పై భాగంలో మూడు సెంటీమీటర్ల మచ్చ, బయాప్సీలో క్యాన్సరని తేలింది. ఇక్కడితో నిర్ధారణ అయిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. డాక్టర్ల లెక్కలో ఇది మొదలు. ఏ రకం క్యాన్సరో తేల్చడానికి అదే ముక్క మీద మరికొన్ని రంగు పరీక్షలు చేయాలి. స్మాల్ సెల్ రకమైతే దారే వేరు, దానికి సాధారణంగా కీమో, రేడియేషన్ ఇస్తారు. బయాప్సీ ఒక ఆసుపత్రిలో, చికిత్స ఇంకో ఆసుపత్రిలో అయితే "బ్లాకులు, స్లైడ్లు తీసుకురండి, మా దగ్గర మళ్లీ చూడాలి" అంటారు. మైనంలో పొదిగిన ఆ ముక్కల్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, లెటర్ రాయించుకుని, కొడుకో అల్లుడో బస్సులో మోసుకెళతాడు. అది వైద్యపరంగా అవసరమే, రెండో కంటితో చూసినప్పుడు రిపోర్టు మారే సందర్భాలూ ఉంటాయి. అయినా రాష్ట్ర రాజధానిలో క్యాన్సర్ ముక్క ఒక ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కి రోగి బంధువు సంచీలో ప్రయాణించాల్సి రావడం ఏం వ్యవస్థో!

తర్వాత పెట్ స్కాన్. జబ్బు వేరేచోటికి పాకిందేమో చూసే పరీక్ష ఇది. దీనికి ఎక్కించే మందులోని రేడియో ధార్మిక పదార్థం 110 నిమిషాల్లో సగమైపోతుంది. నిల్వ చేసుకునే వీల్లేదు, ఏ రోజుది ఆ రోజు రావాలి. కాబట్టి మిషన్ ఉన్నంతమాత్రాన సరిపోదు. మందు సరఫరా ఆగితే ఆ రోజు స్లాట్లన్నీ వెనక్కి జరుగుతాయి. జిల్లాల్లో ఈ సదుపాయం అరుదు కాబట్టి హైదరాబాదో విశాఖో లాంటి పెద్ద ఊరికి రావాల్సిందే.

పెట్ స్కాన్ వచ్చాక మన దేశానికే ప్రత్యేకమైన చిక్కొకటి ఎదురవుతుంది. ఈ స్కాన్‌లో చక్కెరని ఎక్కువగా పీల్చుకునే చోటల్లా వెలుగుతుంది. క్యాన్సర్ కణాలు అలా పీల్చుకుంటాయి. టీబీ వల్ల వాచిన గ్రంథులూ అలాగే పీల్చుకుంటాయి. ఛాతీ మధ్యలో గ్రంథులు వెలిగాయంటే యూరప్‌లో డాక్టరు జబ్బు పాకిందేమోనని ఎక్కువగా అనుమానిస్తే, మన దగ్గర అది పాత టీబీ గుర్తయ్యే అవకాశమూ గట్టిగానే ఉంటుంది. పాకిందనుకుని ఆపరేషన్ వద్దంటే నయమయ్యే మనిషిని చేతులారా వదులుకున్నట్టు. పాకలేదనుకుని కోస్తే అనవసరపు కోత. తేల్చాలంటే ఆ గ్రంథి నుంచే ముక్క తీయాలి. గొంతులోంచి గొట్టం పంపి, అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూదితో తీసే ఈబస్ అనే పద్ధతి ఉంది. అది చేయగల పరికరం, చేయి తిరిగిన డాక్టరు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఇంకో అపాయింట్‌మెంట్, ఇంకో రిపోర్టు. ఈ వారాల్ని వృథా అనలేం. ఇది లేకుండా ఆపరేషన్‌కి దూకడమే తప్పు. బాధేమిటంటే, పెట్ స్కాన్‌కి ముందే ఊహించగలిగిన ఈ అవసరాన్ని అది ఎదురయ్యాకే క్యూలో పెట్టడం.

ఆ తర్వాత ఊదే పరీక్ష. ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేస్తే మిగిలినదానితో మనిషి బతకగలడా అని చూస్తారు. పొగ తాగినవాళ్లలో చాలామందికి ఇక్కడ తేడా వస్తుంది. గుండెకి ఎకో, షుగర్, బీపీ అదుపు, మత్తు డాక్టరు ఫిట్‌నెస్. బీడీ మానేసి కనీసం నాలుగు వారాలైతే ఆపరేషన్ తర్వాత న్యుమోనియా లాంటి చిక్కులు తగ్గుతాయి. శ్వాస వ్యాయామాలు చేయించడానికీ ఈ సమయం పనికొస్తుంది. అంటే నిరీక్షణలో కొంత భాగాన్ని వైద్యంగా మార్చుకోవచ్చు. మారాలంటే ఆ పని మొదటి రోజే ఎవరైనా చెప్పాలి. ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు "ముందు బీడీ మానెయ్, నెల తర్వాత రా" అంటే, అప్పటిదాకా గడిచిన నెలన్నర ఏమైనట్టు?

అన్నిటికంటే చిరాకు పుట్టించేది మరొకటి. స్కాన్లకీ కాలం చెల్లుతుంది. అమెరికాలో వాడే ప్రముఖ చికిత్సా మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ నిర్ణయానికి ఆధారమైన సీటీ, పెట్ స్కాన్లు 60 రోజులకి మించి పాతవి కాకూడదు. సబబే, రెండు నెలల్లో జబ్బు మారిపోవచ్చు. ఫలితం మాత్రం చూడండి: ఒకచోట ఆలస్యమై డేట్ వచ్చేసరికి స్కాన్ పాతదైపోతుంది, మళ్లీ తీయించాలి, దానికి మళ్లీ స్లాట్. కనెక్షన్ బస్సు ఒకటి తప్పితే తర్వాతవన్నీ తప్పినట్టు, ఒక వారం ఆలస్యం మూడు వారాలవుతుంది.

ఈ మెట్లన్నీ ఒకే గేటు లోపల ఉంటే సగం సమస్య తీరేది. మన ప్రభుత్వ ఆసుపత్రులు ఒక్కో కాలంలో ఒక్కో అవసరానికి పుట్టాయి. హైదరాబాద్‌లో దగ్గు, ఆయాసం అంటే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి. క్యాన్సరంటే 1955 నుంచీ ఉన్న రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే. పెద్ద పరీక్షలు, పెద్ద ఆపరేషన్లు అంటే పంజాగుట్ట నిమ్స్. విశాఖలో ఛాతీ ఆసుపత్రి వాల్తేరు వైపు ఉంటే, టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఊరికి ఆ కొసన అగనంపూడిలో ఉంది. ఎవరి వైద్యం వాళ్లది, ఎవరి ఓపీ చీటీ వాళ్లది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి రిఫర్ చేసిన రోజున రోగి మళ్లీ కొత్త పేషెంటే. మళ్లీ మొదటి క్యూ.

చివరిది ఆపరేషన్ థియేటర్. ఊపిరితిత్తి కోత మామూలు కోత కాదు. ఒక ఊపిరితిత్తికి గాలి ఆపి, రెండోదాని మీదే మనిషిని నిలబెట్టాలి. దానికి రెండు దారులున్న ప్రత్యేక గొట్టం, అది వేయడంలో అనుభవమున్న మత్తు డాక్టరు కావాలి. ఆపరేషన్ తర్వాత ఐసీయూ పడక ఖాళీగా ఉండాలి. జనరల్ ఆసుపత్రుల్లో ఛాతీ సర్జన్లంటే చాలావరకూ గుండె సర్జన్లే. బైపాస్, వాల్వు కేసులూ వాళ్లవే. రాత్రి గుండె ఎమర్జెన్సీ వచ్చి ఐసీయూ పడక నిండిందంటే పొద్దున లిస్టులో ఉన్న ఊపిరితిత్తి కేసు వాయిదా. అర్ధరాత్రి నుంచి ఏమీ తినకుండా, గౌను తొడుక్కుని కూర్చున్న మనిషిని మధ్యాహ్నం "ఈ రోజు కాదు, టిఫిన్ పెట్టండి" అంటారు. ఇందులో సర్జన్ తప్పేమీ లేదు. గుండె ఆగిపోతున్న మనిషినే ముందు చూడాలి. గుండెకీ ఊపిరితిత్తికీ ఒకే పడక పెట్టిన ప్లానింగ్‌దే లోపం.

డబ్బు సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ రాకముందు ఈ చర్చే ఉండేది కాదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో మొదలైన ఆ పథకం పేదవాడికి క్యాన్సర్ ఆపరేషన్ అనే మాటని అందుబాటులోకి తెచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అది ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో చికిత్స ఖర్చు పరిమితిని పది లక్షలకి పెంచారు. 2018లో వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ మీద 2024లో లాన్సెట్ వైద్య పత్రికల కుటుంబంలో ఒక అధ్యయనం వెలువడింది. పథకం వచ్చాక నెల లోపల క్యాన్సర్ చికిత్స మొదలయ్యే అవకాశం బాగా మెరుగైందని అది చెప్పింది. డబ్బు అడ్డంకి తీసేస్తే రోజులు తగ్గుతాయన్నది అలా రుజువైంది. అయితే అక్కడ కొలిచింది ఏదో ఒక చికిత్స మొదలవడాన్ని. కీమో మొదలవడానికి ఒక పడక, ఒక డ్రిప్ చాలు. ఊపిరితిత్తి ఆపరేషన్‌కి పైన చెప్పుకున్నవన్నీ ఒకే రోజున కుదరాలి. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే థియేటర్ ఖాళీ కాదు.

కార్డు దారిలోనూ చిన్న చిన్న గతుకులున్నాయి. ప్యాకేజీకి అప్రూవల్ కావాలంటే సాధారణంగా బయాప్సీ రిపోర్టు, స్కాన్లు ముందు చేతిలో ఉండాలి. ఆ పరీక్షల్ని బయట తొందరగా చేయించుకోవాలంటే వేలల్లో చేతి డబ్బు పెట్టాలి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉంటే ఆసుపత్రిలో పథకం కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరే ఆగిపోతుంది. అప్‌లోడ్ చేసిన ఫిల్ము సరిగా కనపడలేదని క్వెరీ వస్తే, జవాబు పెట్టేదాకా ఫైలు కదలదు. ఇక ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదని పథకంలో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామనడం రెండు రాష్ట్రాల్లోనూ అలవాటైన వార్త. ఆ వారం అక్కడ డేట్ ఉన్నవాళ్లంతా ప్రభుత్వ ఆసుపత్రి క్యూలోకొచ్చి కలుస్తారు.

ఇంతా చెప్పి నిర్ధారణకి ముందు పోయే నెలల్ని వదిలేస్తే బొమ్మ తప్పవుతుంది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం: టీబీకీ ఇవే, క్యాన్సర్‌కీ ఇవే. ఊళ్లో అయితే ముందు "నెమ్ము చేసింది" అని రెండు కోర్సుల యాంటీబయాటిక్స్. తర్వాత ఎక్స్‌రే, తెల్లమచ్చ, టీబీ మందులు. కళ్లె పరీక్షలో క్రిమి కనపడకపోయినా ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టడం మామూలే. టీబీ దేశంలో అది తప్పని కూడా అనలేం. తప్పల్లా రెండు నెలలు మందులు వాడినా మచ్చ తగ్గనప్పుడు ఇంకో రెండు నెలలు చూద్దామనుకోవడం. అలా వచ్చిన మనిషికి ఆపరేషన్ దశ దాటిపోయి ఉంటే ఆపరేషన్ ఆలస్యం లెక్కలోకే రాడు. వెయిటింగ్ లిస్ట్ చిన్నగా కనపడటానికి అదీ ఒక కారణం.

కుటుంబాలు తీసుకునే సమయమూ ఉంది. "కత్తి తగిలితే పాకుతుంది" అన్న భయం, నాటు మందు ఒక మండలం వాడి చూద్దామన్న ఆశ, అమావాస్య వెళ్లనివ్వమనడం. ఇవి లేవనడం అబద్ధం. ఆలస్యాలన్నిటికీ వీటినే కారణంగా చూపడం మాత్రం ఆసుపత్రులకి అనుకూలమైన కథ.

ఇంగ్లండ్ ఈ సమస్యని అంకెలతో పట్టుకోవాలని చూసింది. క్యాన్సర్ అనుమానంతో జనరల్ డాక్టరు రిఫర్ చేసిన రోజు నుంచి 62 రోజుల్లో చికిత్స మొదలవ్వాలి, కనీసం 85 శాతం మందికి. ఊపిరితిత్తులకైతే 49 రోజుల్లో అన్న ప్రత్యేక దారి కూడా గీశారు. ఆ 85 శాతాన్ని దేశం మొత్తంగా చివరిసారి అందుకున్నది 2015 డిసెంబర్‌లో. అంటే లక్ష్యం పెట్టుకున్నంత మాత్రాన స్కానర్లూ సర్జన్లూ పుట్టుకురారు. అయినా ఇంగ్లండ్‌లో ఏ ఆసుపత్రి ఎంత వెనకబడిందో నెలనెలా అంకెలు బయటికొస్తాయి, పార్లమెంటులో నిలదీస్తారు, పత్రికల్లో తిడతారు. డెన్మార్క్ 2007లో క్యాన్సర్‌ని ఎమర్జెన్సీలా చూడాలని నిర్ణయించి, ఒక్కో క్యాన్సర్‌కి పరీక్షల వరుసని, దానికి పట్టాల్సిన రోజుల్ని ముందే రాసిపెట్టింది. స్లాట్లు రోగి రాకముందే పక్కన పెట్టి ఉంచుతారు. ఒక పరీక్ష అయ్యాక దాని తర్వాతదానికి లైన్లో నిలబడే పద్ధతి కాదన్నమాట.

మన దగ్గర అలాంటి జాతీయ గడువేదీ లేదు. ఇక్కడున్న రద్దీకి 49 రోజులు ఇప్పుడే పెట్టుకోవడం గొప్పలకి పోవడమే. కానీ పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి ఉన్నాయి. సీటీలో అనుమానం వచ్చిన రోజే పెట్ స్కాన్, ఊదే పరీక్ష, ఎకో స్లాట్లు ఒకేసారి తీసుకోవచ్చు, బీడీ మానమని చెప్పొచ్చు. ఛాతీ డాక్టరు, సర్జన్, కీమో డాక్టరు వారానికోసారి ఒకే బల్ల దగ్గర ఫైళ్లు చూస్తే రోగి ముగ్గురి ఓపీలు తిరగక్కర్లేదు. ఫోన్ చేసి "బయాప్సీ వచ్చింది, మంగళవారం రండి" అని చెప్పే ఒక నర్సు ఉంటే ఎన్ని వారాలు మిగులుతాయో, ఓపీ బయట కూర్చున్నవాళ్లెవరైనా చెబుతారు.

ఆరోగ్యశ్రీ పోర్టల్‌లో అప్రూవల్‌కి ఎప్పుడు పెట్టారో, ఆపరేషన్ ఎప్పుడైందో ప్రతి కేసుకీ తేదీలు నమోదవుతాయి. సీటీలో మచ్చ మొదట కనపడిన తేదీని కూడా అదే ఫారంలో తప్పనిసరిగా అడిగి, ఆసుపత్రుల వారీగా మధ్య రోజుల్ని మూడు నెలలకోసారి బయటపెట్టడానికి కొత్త మిషన్లు అక్కర్లేదు, ఒక జీవో చాలు. అప్పుడు వాయిదాకి కారణం ఐసీయూ పడకా, పెట్ స్లాటా, అప్రూవలా అన్నది ఆసుపత్రి వారీగా కనపడుతుంది. నిధులు ఎక్కడ పెట్టాలో ఆ కాగితమే చూపిస్తుంది.